యంత్రముల చిట్టా: ఆగునపుడును లేచునపుడును



నేటి నా ప్రసంగము చిట్టాను గూర్చినది. చిట్టా యనగానే మీలో పెక్కుమందికి కరణముగారి చావడియు, గుడ్డలో చుట్టి పెట్టెలో దాచిన లెక్కల కట్టలును జ్ఞప్తికి వచ్చును. నేను చెప్పబోవు చిట్టాయు ఆ జాతిలోనిదే. కాని దానిని వ్రాయునది మనుష్యుడు కాడు, యంత్రము. కంప్యూటరు తాను చేసిన పనిని, ఇతరులు తనచే చేయించిన పనిని, తనకు కలిగిన రోగమును, గంటలు నిమిషములు క్షణములతో సహా తానే వ్రాసికొనుచుండును. ఆ వ్రాతకు ‘లాగ్’ అని పేరు. యంత్రమును ఆపునపుడును, తిరిగి లేపునపుడును ఆ వ్రాత చెదరక నిలుచుట యెట్లు? నిలువనిచో నష్టపడువారెవరు? ఈ రెండు ప్రశ్నలకు ఈపూట సమాధానము వెదకుదము.

ఇది పట్టణములలోని ఇంజనీర్ల గొడవ గదా, మనకేల యని మీరనవచ్చును. అన్నవరమునే చూడుడు. పంపానది యొడ్డున రత్నగిరిపై వెలసిన సత్యనారాయణస్వామివారిని సేవింపవచ్చు యాత్రికుడు ఒకప్పుడు కొండపైకి వచ్చి కిటికీకడ నిలిచి చీటి తీసికొనెడివాడు. నేడు వ్రతపు టిక్కెట్టును, వసతిగదిని తన యింటనుండియే అంతర్జాలము ద్వారా కోరుకొనగలడు. కొండ దిగువనున్న రైలుస్టేషనులో అతనికి చీటి యిచ్చునది కంప్యూటరే. పొలము దస్తావేజు, అడంగలు నకలు, పింఛను, రేషను బియ్యము, బ్యాంకు ఖాతా, ఇవన్నియు నేడు కంప్యూటరు చేతిమీదుగా నడచుచున్నవి.

ఈ మార్పు ఒక్కనాట వచ్చినది కాదు. 1998 నవంబరులో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ‘కార్డ్’ అను పథకముతో రెండువందలకు పైబడిన రిజిస్ట్రేషను కార్యాలయములలో కంప్యూటర్లు ప్రవేశించెను. 2011 నవంబరులో మీసేవ మొదలయ్యెను. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయముల వ్యవస్థ కరప గ్రామమున ప్రారంభమయ్యెను. కరపయు అన్నవరమును నాడు తూర్పు గోదావరి జిల్లాలోనివి. 2022 ఏప్రిలు నుండి కాకినాడ జిల్లాలోనివి. ఇట్లు ఇరువదియైదేండ్లలో మన ఊరి లెక్క కాగితమునుండి యంత్రమునకు చేయి మారినది. కావున యంత్రపు చిట్టాను గూర్చి తెలిసికొనుట మన యింటి సంగతి తెలిసికొనుటయే.

కోమటి లెక్కలెరిగిన పెద్దలకు చిట్టా వేరు, ఆవర్జా వేరు అని నేను చెప్పనక్కరలేదు. జరిగినది జరిగినట్లు, వేళ క్రమమున, ఒకదాని క్రింద నొకటిగా వ్రాయునది చిట్టా. దానినుండి తీసి ఎవరి ఖాతా వారి పేర కూర్చునది ఆవర్జా. ఆవర్జాలో అంకె సరిపడనపుడు తెలివిగల గుమాస్తా ఆవర్జాను పట్టుకొని వాదింపడు. చిట్టా తెప్పించి చూచును. కంప్యూటరులోను ఇట్లే రెండు గలవు. మీ పొలము ఎవరి పేర నున్నదో చూపునది ఆవర్జా వంటిది. ఆ పేరు ఎన్నడు, ఏ వేళ, ఎవరి చేతిమీదుగా మారెనో చూపునది చిట్టా. తగవు లేనన్ని నాళ్లు మొదటిది చాలును. తగవు వచ్చిననాడు రెండవదియే దిక్కు.

‘లాగ్’ అను మాటయొక్క పుట్టుకయు తెలిసికొనదగినదే. ఆ మాటకు దుంగ యని అర్థము. పూర్వకాలపు ఐరోపా నావికులు ఓడ వేగమును కొలుచుటకు ముడులు వేసిన త్రాటికి చెక్కదుంగను గట్టి నీటిలో విడిచి, నియమితకాలములో ఎన్ని ముడులు జారెనో లెక్కించి పుస్తకమున వ్రాసెడివారు. ఆ పుస్తకమునకు దుంగ పేరే వచ్చెను. క్రమముగా గాలి దిక్కు, నీటి లోతు, ఎదురైన యాపద, అన్నియు అందులోనే వ్రాయసాగిరి. కోరంగి, కాకినాడ రేవులనెరిగిన మనవారికి ఓడపుస్తకము క్రొత్తది కాదు. తరువాత ఆ మాట యంత్రమునకు సంక్రమించినది. 1980ల దశాబ్దమున అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయమున ఎరిక్ ఆల్మన్ అనునతడు కంప్యూటరులోని వేరువేరు పనుల వ్రాతలను ఒకచోట చేర్చు ‘సిస్‌లాగ్’ అను పద్ధతిని కల్పించెను. నేటికిని ప్రపంచమందలి సర్వరులు ఆ పద్ధతినో, దాని సంతతినో వాడుచున్నవి. సర్వరు అనగా పదిమందికి సేవచేయుటకై రేయింబవళ్లు మేల్కొనియుండు కంప్యూటరు.

రేయింబవళ్లు మేల్కొనియుండునని యంటిని గాని, దానికిని నిద్ర తప్పదు. మరమ్మతుకో, క్రొత్త భాగము చేర్చుటకో, దోషము దిద్దుటకో దానిని ఆపి మరల లేపవలసివచ్చును. ఆపుటను ‘షట్‌డౌన్’ అనియు, ఆపి మరల లేపుటను ‘రీబూట్’ అనియు అందురు. ఈ రెండింటి నడుమనున్న కొద్ది నిమిషములే నేటి నా ప్రసంగమునకు కీలకము. ఏమన, పని నడచుచున్నంతసేపు చిట్టాను అడుగువారుండరు. పని ఆగినగడియ యందే ‘ఎందుచేత ఆగినది? ఆగుటకు ముందేమి జరిగినది?’ అను ప్రశ్న పుట్టును. ఆ గడియయందే చిట్టా పోవుటకును అవకాశమెక్కువ. మిక్కిలి అవసరమైన వ్రాతయే మిక్కిలి సులభముగా పోవును. ఇదియే ఇందలి చిక్కు.

మన ఊళ్లు ఇట్టి యొక గడియను చూచియే యున్నవి. 1984 జనవరిలో ప్రభుత్వము కరణము, మునసబు మొదలగు గ్రామోద్యోగములను రద్దుచేసెను. తరతరములుగా తిరిగిన చక్రమొకటి తటాలున ఆగినట్లయ్యెను. పాతవారు రికార్డును అప్పగింపవలెను, క్రొత్తవారు అందుకొనవలెను. అట్టివేళ ఏ పుస్తకము, ఎన్ని పుటలతో, ఏ స్థితిలో చేయి మారెనో అప్పగింత పట్టికలో వ్రాసియుంచినచో తరువాత పదియేండ్లకు వచ్చిన తగవైనను తీరును. వ్రాయనిచో ‘నేనిచ్చితిని’ అని యొకడును, ‘నాకు ముట్టలేదు’ అని యొకడును అందురు. నష్టపడువాడు వారిద్దరిలో ఎవడును కాడు. పొలము గల రైతు. సర్వరు ఆగి లేచుటయు ఇట్టి అప్పగింతయే. నేటి యంత్రము రేపటి యంత్రమునకు లెక్క ఒప్పచెప్పుచున్నది.

ఇక యంత్రము ఎక్కడ వ్రాయునో చూతము. దానికి రెండు తావులు గలవు. ఒకటి పలక వంటిది. దానిమీద వ్రాయుట మిక్కిలి శీఘ్రము. కాని విద్యుత్తు పోగానే తడిగుడ్డతో తుడిచినట్లు వ్రాసినదంతయు పోవును. దానిని ‘మెమరీ’ అందురు. రెండవది తాటాకు వంటిది. వ్రాయుట కొంత ఆలస్యము. కాని విద్యుత్తు పోయినను వ్రాత నిలుచును. అది ‘డిస్కు’.

రత్నగిరిమీద మీరు చూచిన నీడ గడియారమును తలంచుడు. ఎండ యున్నంతసేపు ప్రతి నిమిషమును చక్కగా చూపును. కాని నిన్న మధ్యాహ్నము దాని నీడ ఎక్కడ నుండెనో చెప్పుమన్న చెప్పజాలదు. మబ్బు క్రమ్మిన తక్షణమే ఉన్న గుర్తును పోవును. అది కాలమును చూపును గాని కాలమును దాచదు. మెమరీలో మాత్రమే వ్రాసికొను చిట్టా ఇట్టిదే. చూచుచున్నంతసేపు ఉండును; దీపమారిన పిదప ఉండదు.

ఇందులో వింతయేమనగా, పలకమీద వ్రాయవలెనా, తాటాకుమీద వ్రాయవలెనా యనునది పలుమారు చిన్న యేర్పాటుపై ఆధారపడియుండును. నేటి సర్వరులలో మిక్కిలి వాడుకలోనున్న లినక్సు అను వ్యవస్థయందు ‘జర్నల్’ అను లేఖకుడు గలడు. డిస్కులో ‘వార్’ అను పెద్ద యరలో, ‘లాగ్’ అను లోపలియరలో, ‘జర్నల్’ పేర ఒక గూడు కట్టియున్నచో అతడు వ్రాతను అందు శాశ్వతముగా దాచును. గూడు లేనిచో, అతనికి వేరు ఉత్తరువేమియు ఇయ్యనిచో, మెమరీలోనే వ్రాసి ఊరకుండును. యంత్రము ఆగి లేచినంతనే వెనుకటి జర్నల్ అంతయు శూన్యమగును. ఏ శత్రువును దానిని చెరుపలేదు. ఏ అగ్నియు దహింపలేదు. ఒక గూడు కట్టువారు లేక పోయినది. కొన్ని సర్వరులలో సిస్‌లాగ్ సంతతికి చెందిన రెండవ లేఖకుడు కూడ ప్రక్కననుండి డిస్కుపై వేరుగా వ్రాయుచుండుటచే ఈ నష్టము కొంత తీరుచున్నది. కాని రెండవవాడు ఉన్నాడా లేడా యని విచారించి తెలిసికొనవలయునే గాని ఉన్నాడని తలంచి నిద్రపోరాదు.

గూడు కట్టిన తరువాత లేఖకుడు పని చేయు విధము చూడముచ్చటైనది. యంత్రము మేల్కొను మొదటి క్షణములలో డిస్కు ఇంకను తెరువబడి యుండదు. అయినను వ్రాయవలసినవి అప్పుడే మొదలగును. కావున అతడు వానిని ముందు పలకమీద వ్రాసి, పెట్టె తెరువగానే తాటాకుపై ఎక్కించును. ఆగునపుడు దీనికి విపర్యయము. పెట్టెకు తాళము పడబోవుచుండగా వ్రాతను ముగించి లోనుంచి, ఆ పిదప వచ్చిన నాలుగు మాటలను పలకమీదనే వ్రాయును. ఆ చివరి నాలుగు మాటలు విద్యుత్తుతోపాటు పోవును. ఆపునపుడు ఏ రోగమైన పుట్టినచో దాని జాడ తరచుగా ఆ నాలుగు మాటలలోనే యుండును. కనుక జాగ్రత్తగల యింజనీరు ఆ కడపటి మాటలు వేరొక యంత్రపు తెరపై పడునట్లు ప్రత్యేకముగా ఒక తీగ వేయించుకొనును.

క్రమమును గూర్చి ఒక నియమము చెప్పవలసియున్నది. ఏ దేవాలయమునందైనను రాత్రి కడపట ద్వారమునకు తాళము వేయువాడు తెల్లవారుజామున ముందుగా వచ్చి తెరువవలసినవాడే. వంటవారు, పరిచారకులు, అర్చకులు వచ్చుట అతని తరువాత. పోవుట అతనికి ముందు. సర్వరులో చిట్టా వ్రాయువానికి ఇట్టి స్థానమియ్యవలయును. అందరికన్న ముందు లేవవలెను. అందరికన్న వెనుక పరుండవలెను. లినక్సునందు సాధారణముగా, ఏది ముందు లేచుటకు నియమింపబడెనో అది ఆగునపుడు వెనుక ఆగును. ఈ వరుసను సరిగా వ్రాయక, లేఖకునికి ముందుగా సెలవిచ్చి, తరువాత ఖజానా మూసిన యెడల, ఖజానా మూయునపుడేమి జరిగెనో చెప్పువాడుండడు.

ఇంతవరకు నెమ్మదిగా ఆపుటను గూర్చి చెప్పితిని. చెప్పక వచ్చు మరణము వేరు. మన తీరమునకు తుపాను క్రొత్త కాదు. 1996 నవంబరు 6వ తేదీన కోనసీమపై పడిన తుపాను మీలో చాలమందికి ఇంకను కన్నులకు కట్టినట్లుండును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును కొట్టినపుడు స్తంభములు కూలి దినముల తరబడి విద్యుత్తు లేకపోయెను. అట్టి వేళ యంత్రము ‘నేను ఆగుచున్నాను’ అని వ్రాయుటకైనను వ్యవధి యుండదు. లేఖకుడు ప్రతి మాటను వెంటనే తాటాకుపై గట్టిగా చెక్కుచు కూర్చుండినచో తక్కిన పని సాగదు. కావున జర్నల్ లేఖకుడు సామాన్యమైన మాటలను సుమారు ఐదు నిమిషములకొక పర్యాయము స్థిరపరచును. ప్రాణాంతకమైన వార్తను మాత్రము తక్షణమే స్థిరపరచును. దీనివలన హఠాత్తుగా దీపమారినచో కడపటి కొన్ని నిమిషముల వ్రాత పోవచ్చును. ఈ ఐదు నిమిషములను తగ్గించుట యజమాని చేతిలోనున్నది. తగ్గించినకొలది యంత్రమునకు శ్రమ హెచ్చును.

దీనికి లోకమెరిగిన విరుగుడు యూపీఎస్ అను బ్యాటరీ పెట్టె. దీనిని చాలమంది పని కొనసాగించుటకై యున్నదని తలతురు. దాని ముఖ్యప్రయోజనము వేరు. విద్యుత్తు పోయినదని యంత్రమునకు కబురంపి, ప్రాణమున్న ఆ కొలది నిమిషములలో లెక్క ముగించి నెమ్మదిగా ఆగుటకు వ్యవధి యిచ్చుటయే. బ్యాటరీ పెట్టె యుండి, కబురంపు తీగ తగిలింపక విడిచినచో, యంత్రము బ్యాటరీ అయిపోవువరకు పనిచేసి, పిదప మునుపటి మరణమే పొందును. వాయిదా పడినదే గాని మేలు కలుగలేదు.

మరియొక విధమైన యాపద గలదు. విద్యుత్తు ఉన్నను యంత్రపు మెదడే తటాలున చెడి నిలిచిపోవును. లేఖకుడును ఆ మెదడుతోనే బ్రతుకువాడు గనుక అతడును నోరు మెదపలేడు. దీనికి ఇంజనీర్లు రెండు ఉపాయములు పన్నిరి. మొదటిది, మెమరీలో కొంత చోటు ముందే విడిచి, అందు చిన్న వ్యవస్థ నొకదానిని నిద్రింపజేసి యుంచుట. పెద్దది చావగానే చిన్నది లేచి, చచ్చినదాని తలలో నున్నదంతయు డిస్కుపై దింపి, ఆ పిదప యంత్రమును మరల లేపును. దీనిని ‘కెడంప్’ అందురు. రెండవది, విద్యుత్తు పోయినను నిలుచు మిక్కిలి చిన్న భాండారమొకటి యంత్రపు పలకపై యుండిన, కడపటి మాటలను అందు దాచుట. దీని పేరు ‘పీస్టోర్’. మరుసటి మేల్కొలుపులో వానిని తీసి చదువవచ్చును. చనిపోవువాడు చెప్పిన కడపటి మాటకు న్యాయస్థానమున ఎంత విలువ గలదో మీరెరుగుదురు. యంత్రము మాటకును అట్టి విలువయే.

అయినను ఒకే పెట్టెలో ఒకే కట్ట ఉన్నంతకాలము భయము తీరదు. పెట్టె కాలవచ్చును, డిస్కు చెడవచ్చును, దుర్మార్గుడు లోపల జొరవచ్చును. దొంగ చేయు మొదటి పని దీపమార్పుట. యంత్రములో జొరబడినవాడు చేయు పనియు అట్టిదే: చిట్టా చెరిపి, యంత్రమును ఆపి లేపి, ఏమియు ఎరుగనట్లు తొలగిపోవుట. కావున ప్రతి మాటను వ్రాసిన వెంటనే దూరముననున్న వేరొక సర్వరునకు నకలు పంపుట ఉత్తమము. ఆ రెండవ సర్వరు వేరొక ఊర, వేరొక యజమానుని చేతిలో నున్నచో ఇంకను మేలు.

నకలు పంపుటయందును తారతమ్యము గలదు. జాబును పెట్టెలో వేసి చేరునో చేరదో యని చూడక పోవుట యొక పద్ధతి. చేరినదని మారు రశీదు వచ్చువరకు తన యొద్ద ప్రతి నుంచుకొనుట యొక పద్ధతి. మొదటిది తేలిక, రెండవది నమ్మకము. ఆగునపుడు దారి, అనగా నెట్‌వర్కు, ముందుగా మూసికొనిపోవును గనుక కడపటి జాబులు పెట్టెలోనే మిగులును. అట్లు మిగిలినవానిని పలకమీదగాక డిస్కుమీద వరుసగా పేర్చియుంచి, లేచిన పిదప పంపునట్లు ఏర్పాటు చేసినచో ఏదియు పోదు.

కాలమును గూర్చి ఒక్కమాట. వ్రాత ఎంత భద్రముగా నున్నను, దానిప్రక్క వేసిన వేళ తప్పైనచో సాక్ష్యము చెడును. విద్యుత్తు లేనపుడు యంత్రములోని చిన్న గడియారమును నడపునది నాణెమంత బ్యాటరీ. అది క్షీణించినచో యంత్రము లేచినపుడు ఏనాటిదో పాత తేదీని నేటి తేదీ యనుకొని వ్రాయ మొదలిడును. నేడు జరిగినది ఏండ్ల క్రిందట జరిగినట్లు కనిపించును. కావున లేచినంతనే నమ్మదగిన గడియారముతో సరిచూచుకొనవలెను. భారతదేశపు ప్రామాణిక కాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖ అన్నవరమునకు తూర్పున కొలది మైళ్ల దూరములోనే పోవుచున్నది. దేశమంతటికి కాలము కొలుచు రేఖ చెంతనున్న మనము వేళ తప్పిన లెక్కను సహింపరాదు గదా!

ఈ జాగ్రత్త కేవలము ఇంజనీర్ల ఇష్టాయిష్టములపై విడువబడినది కాదు. కేంద్రప్రభుత్వమునకు చెందిన సెర్ట్-ఇన్ అను సంస్థ 2022 ఏప్రిలు 28వ తేదీన ఉత్తరువు లిచ్చినది. వాని ప్రకారము ప్రభుత్వ కార్యాలయములును, వ్యాపారసంస్థలును తమ కంప్యూటర్ల చిట్టాలను కనీసము వెనుకటి 180 దినములవి భద్రపరుపవలెను. గడియారములను ప్రభుత్వము నిర్దేశించిన కాలమునకు సరిపుచ్చుకొనవలెను. ఇచ్చట ఒక మెలిక గలదు. డిస్కు నిండిపోకుండుటకై లేఖకుడు తనకిచ్చిన చోటు చాలనపుడు పాతకట్టలను తానే తీసివేయును. చోటు తక్కువ యిచ్చి 180 దినముల లెక్క అడిగిన, ఇరువది పుట్ల ధాన్యమును పది పుట్ల గాదెలో పోయుమన్నట్లుండును.

న్యాయస్థానపు మాటయు వినుడు. 2024 జూలై 1వ తేదీ నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య చట్టము 63వ సెక్షను, అంతకుముందు 1872 నాటి సాక్ష్యచట్టములో 2000 సంవత్సరమున చేర్చిన నియమమువలెనే, కంప్యూటరు ఇచ్చిన కాగితమును సాక్ష్యముగా గైకొనుటకు షరతులు విధించుచున్నది. అందొకటి యిది: ఆ కాలమంతయు యంత్రము సరిగా పనిచేయుచుండవలెను, పనిచేయనిచో ఆ లోపము రికార్డును చెరుపునట్టిది కాకుండవలెను. ‘యంత్రము నడుమ ఆగినది, కాని లెక్క చెడలేదు’ అని దేనిని చూపి రుజువు చేయుదురు? ఆగుటకు ముందరి కడపటి పంక్తియు, లేచిన తరువాతి మొదటి పంక్తియు చూపవలసినదే.

ఒక రైతు సంగతి ఊహింపుడు. అతని యెకరమున్నర పొలము ఆవర్జాలో వేరొకరి పేర కనబడినది. మారినది ఏ రాత్రియో తెలిసినది. ఆ రాత్రియే సర్వరు ఆగి లేచినది. చిట్టా యథాతథముగా నున్నచో, పదకొండు గంటల నలువది నిమిషములకు ఏ ఉద్యోగి పేర లోన ప్రవేశించిరో, ఏమి మార్చిరో, ఎవరు ఆపుమని ఆజ్ఞయిచ్చిరో పంక్తి పంక్తిగా బయటపడును. నిజమైన దోషము యంత్రముదైనచో అదియు బయటపడి, నిరపరాధియైన ఉద్యోగి నింద తప్పించుకొనును. చిట్టా పోయినచో ‘కంప్యూటరులో అట్లున్నది’ అను ఒక్కమాటతో రైతును త్రిప్పి పంపుదురు. కరణముతో వాదింపవచ్చును; మునసబును నిలదీయవచ్చును; జ్ఞాపకము లేని యంత్రముతో ఎవడు వాదించును? చిట్టా నిలుచుట బలవంతునికి కొంత అసౌకర్యము, బలహీనునికి ప్రాణము.

మరి మీరేమి చేయవలెను? మీరు సర్వరును తెరిచి చూడనక్కరలేదు. కాని ఊరిపెద్దలు అడిగిన ప్రశ్నకు ఉద్యోగులు సమాధానము చెప్పుదురు. సహకార సంఘపు మహాసభలోనో, గ్రామసభలోనో, దేవాలయపు సమావేశములోనో ఈ మాటలు అడుగుడు. మన లెక్క నడుపు యంత్రము ఆగి లేచిన పిదప వెనుకటి చిట్టా నిలుచునా? దాని నకలు వేరొకచోట గలదా? ఎన్నినాళ్ల లెక్క యున్నది? బ్యాటరీ పెట్టె యంత్రమునకు కబురంపుచున్నదా? గడియారము సరిగా నున్నదా? వీనికి ‘ఉన్నది’ అను మాట మాత్రము చాలదు. పని లేని యొక వేళ చూచి, నలుగురి యెదుట యంత్రమును క్రమముగా ఆపి లేపి, వెనుకటి మేల్కొలుపు యొక్క కడపటి పంక్తిని చదివి వినిపించుమనుడు. లినక్సు సర్వరులోని జర్నల్ లేఖకుడు తాను నిలుపుకొనిన ప్రతి మేల్కొలుపుకును వేరొక గుర్తు వేసి పట్టిక చూపగలడు. పట్టికలో నేటి మేల్కొలుపు ఒక్కటియే కనబడినచో, వెనుకటివన్నియు పలకమీది వ్రాతలైపోయినవని గ్రహింపుడు. వరద వచ్చిననాడు గట్టు పరీక్షించుట బుద్ధిమంతుల లక్షణము కాదు.

కడపటి పంక్తి క్రమముగా ముగిసినదో, నడుమ తెగినదో కూడ చూడుడు. ‘అన్ని పనులు ముగిసినవి, ఆగుచున్నాను’ అని యున్నచో అది మంచి మరణము. వాక్యము నడుమ తెగియున్నచో విద్యుత్తో, మెదడో చెడినదని యర్థము. తెగిన చిట్టాయు సాక్ష్యమే. తెగినచోటు ఏదో చెప్పుచున్నది గదా. తెగినదానిని చక్కగా అతికి చూపినచో మాత్రము సందేహింపవలసియున్నది.

పూర్వము మన పెద్దలు లెక్కలకట్టను ఇంటిలోని నగలపెట్టెతో సమముగా చూచిరి. యిల్లంటుకొన్నపుడు ముందు బయటికి తేవలసినవానిలో దానిని చేర్చిరి. నేడు కట్ట కంటికి కనబడదు, చేతికందదు, ఎచ్చటనో చల్లని గదిలో యంత్రపు గర్భమున నున్నది. కనబడనంతమాత్రమున దానిపై మన హక్కు తగ్గలేదు. దానిని కాపాడుమని అడుగు బాధ్యతయు తగ్గలేదు. యంత్రము రాత్రి నిద్రించుగాక, ఉదయము లేచుగాక. నిన్నటి మాట మరువకుండ లేచినచో చాలును. సెలవు.